బర్రెకు టీకా ఉన్నది, మరి బాపుకు?

అన్నలూ, పోయిన చలికాలం మా బాపు రెండు దినాలు అన్నం ముట్టలేదు, నన్నే గుర్తుపట్టలేదు. జ్వరం లేదు, దగ్గు లేదు. ముసలితనమే అనుకున్నం. మూడో నాడు ఎగపోస్తుంటే కంచన్‌బాగ్‌ల ఉండే మా చెల్లె దగ్గరికి తీస్కపోయి దవాఖానల చూపిస్తే నిమోనియా అన్నరు. ముసలోళ్లకు ఇట్లనే దొంగతనంగ వస్తదట. ఊపిరి నిమిషానికి 25 సార్లు దాటితే ఆగొద్దు.

వానల ముందు బర్రెలకు గొంతువాపు టీకా మరువకుండ వేయిస్తం. బాపుకు నిమోనియా టీకా ఉన్నదని మాత్రం అక్కడ డాక్టరు చెప్తేనే తెలిసింది. పసిపిల్లలకు 2021 నుంచి దేశమంతట సర్కారే ఉచితంగ వేస్తున్నది. 60 దాటినోళ్లు వేల రూపాయలు పెట్టి కొనుక్కోవాలె. పీహెచ్‌సీలల్ల వాళ్లకు కూడ వేయాలని గ్రామసభల గట్టిగ అడుగుదం.

టీకా అన్ని రకాల నిమోనియాను ఆపదు, చుట్ట కూడ మానాలె. మా బాపు ఇంక దిండు కింద దాచుకుంటనే ఉన్నడు.