పారితోషికం కాదు, కూలి

తెలుగులో రాతకి ఇచ్చే డబ్బుని పారితోషికం అంటాం. పరితోషం అంటే సంతోషం. ఇచ్చేవాళ్ళు సంతోషపడి ఇచ్చేది అన్నమాట. మేస్త్రీది కూలి, గుమాస్తాది జీతం, డాక్టరుది ఫీజు. అవి రాకపోతే అడగొచ్చు, నిలదీయొచ్చు. ఇంకొకరి సంతోషాన్ని నిలదీయడం ఎట్లా? ఫ్రీలాన్స్‌గా రాసి బతుకుతున్న స్త్రీల ఇబ్బందుల్లో సగం ఈ మాటలోనే ఉన్నాయి. ఇదేదో భాష గురించిన చాదస్తం అనుకోవద్దు. డబ్బు ఎప్పుడు చేతికొస్తుందన్న దాన్నిబట్టే ఎవరు రాస్తారో, ఎవరు మానేస్తారో తేలిపోతోంది.

ఈ వృత్తి రూపురేఖలు చూడాలంటే ఆబిడ్స్ నుంచి నాంపల్లి దాకా నడిస్తే చాలు. ఆదివారాలు ఆబిడ్స్‌లో మూసిన షాపుల ముందు పాత పుస్తకాలు పరుస్తారు. తూకానికి పోయిన పత్రికలు, ఎవరో సంతకం పెట్టి ఎవరికో ఇచ్చిన కవితా సంపుటాలు అక్కడ మళ్ళీ ధర పలుకుతాయి. బేరం తెగగానే డబ్బు అక్కడికక్కడే ఇచ్చేస్తారు. ఆ పుస్తకం మొదటిసారి అమ్ముడైనప్పుడు రాసినామెకి ఏమన్నా ముట్టిందా అన్నది వేరే సంగతి. ఇటు నాంపల్లిలో 1985లో ఏర్పడ్డ తెలుగు విశ్వవిద్యాలయం. ఏళ్ళ తరబడి ఆ ప్రాంగణంలో ఎన్ని పుస్తకావిష్కరణలు! హాలుకి, బ్యానరుకి, టీ బిస్కెట్లకి బడ్జెట్టు ఉంటుంది. వారం రోజులు కూర్చుని సమీక్షా వ్యాసం రాసి చదివినామెకి శాలువా ఉంటుంది. (మా బీరువాలో ఉన్న శాలువాలు హైదరాబాదు చలికి చాలా ఎక్కువ.) పబ్లిక్ గార్డెన్స్ దాటి సైఫాబాద్ వైపు వెళితే ఆకాశవాణి. అక్కడ ప్రసంగానికి పిలిచినప్పుడు కాంట్రాక్టు కాగితం ఇస్తారు. ఏ అంశం, ఎన్ని నిమిషాలు, ఎంత ఫీజు అన్నీ అందులో ఉంటాయి. మొత్తం పెద్దదేం కాదు. కానీ ఆ కాగితం చేతిలో ఉన్న మనిషి నిలబడే తీరే వేరు.

ఎత్తులు లేవని కాదు. సోషియాలజీలో డాక్టరేటు చేసి, ఉద్యోగం లేకుండా పదేళ్ళకు పైగా ఈ పనిమీదే ఉన్నాను. ఏ విషయం రాయాలో నేనే ఎంచుకున్న రోజులున్నాయి. ఏ హెడ్ ఆఫ్ ది డిపార్ట్‌మెంటు మొహమూ చూడకుండా, ఇళ్ళలో పనిచేసే స్త్రీలతో గంటలకొద్దీ మాట్లాడి రాసిన వ్యాసాలున్నాయి. వాటిని చదివి ఊళ్ళనుంచి ఉత్తరాలు రాసిన ఆడవాళ్ళున్నారు. ఈ తృప్తిని తక్కువ చేసి మాట్లాడను. అయితే తృప్తి చూపించి ఇంటి అద్దె కట్టలేం.

ఒక సంస్థకి తొంభై పేజీల నివేదిక తెలుగు చేసిచ్చాను. అర్జెంటన్నారు. రాత్రుళ్ళు కూర్చుని పదహారు రోజుల్లో పూర్తిచేశాను. డబ్బు రావడానికి పదకొండు నెలలు పట్టింది. ఆరోసారి ఫోన్ చేసినప్పుడు అకౌంట్సు చూసే ఆయన చాలా మర్యాదగా, "సార్‌గారు ఉద్యోగంలోనే ఉన్నారు కదా మేడమ్, మీకంత తొందరేముంది?" అన్నారు. ఆ నివేదిక స్త్రీల ఆర్థిక స్వావలంబన గురించి.

ఆ ప్రశ్నలో దురుద్దేశం లేదు. ఒక లెక్క ఉంది. రాసే ఆడమనిషి వెనక ఒక మగవాడి జీతం ఉంటుందనే లెక్క. ఆ జీతం లేనివాళ్ళ సంగతేమిటి? ఒంటరి స్త్రీ, ఊరికి డబ్బు పంపాల్సిన దళిత అమ్మాయి, ఇంట్లో మొదటిసారి చదువుకున్న పిల్ల పదకొండు నెలలు ఆగలేరు. వాళ్ళు నిశ్శబ్దంగా ఏ కాల్ సెంటరుకో, ప్రైవేటు స్కూలుకో వెళ్ళిపోతారు. ఆ తర్వాత మనం సభలు పెట్టి, అట్టడుగు స్త్రీల గొంతు ఎందుకు వినపడటంలేదని చర్చిస్తాం. ఆలస్యం ఒక జల్లెడ. ఆగగలిగినవాళ్ళే పైన మిగులుతారు.

వర్జీనియా వుల్ఫ్ 1929లో చెప్పిన సొంత గది మనందరికీ గుర్తే. ఏడాదికి 500 పౌండ్లు అని కూడా చెప్పిందని మర్చిపోతాం. ఆ పుస్తకంలో కథకురాలికి ఆ డబ్బు రాతవల్ల రాలేదు. బొంబాయిలో గుర్రం మీంచి పడి చనిపోయిన బంధువు వీలునామాలో రాసిపెట్టింది. వలస పాలనలో బొంబాయిలో తెల్లవాళ్ళ సొమ్ము ఎక్కడినుంచి వచ్చిందో విడిగా చెప్పక్కర్లేదు.

మనకి దగ్గరి ఉదాహరణ నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల్లో బీడీలు చుట్టే స్త్రీలు. వాళ్ళదీ ఇంటిపట్టున చేసే పనే, వెయ్యి బీడీలకింత అనే లెక్కే. ఆమె పొగాకు ధూళి పీలుస్తుంది, నేను పుస్తకాల దుమ్ము పీలుస్తాను. రెండూ సమానం అనడం అన్యాయం. అయినా ఒక విషయంలో ఆమె నాకంటే ముందుంది. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవాళ్ళని కూడా కార్మికులుగా గుర్తించింది. వాళ్ళకి ప్రావిడెంటు ఫండు వర్తిస్తుందా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. యజమానులకి ఆ ఇళ్ళమీద అజమాయిషీ ఎక్కడుంది అన్నది వాదన. నాణ్యత లేని బీడీలని తిప్పి పంపే అధికారం ఉంది కదా, అదే అజమాయిషీ అని 1985లో కోర్టు తేల్చింది. తిప్పి పంపడం! రాసేవాళ్ళకి ఇంతకన్నా పరిచయమైన అనుభవం ఇంకేముంది?

2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ గిగ్ వర్కర్లని గుర్తించింది. దాని షెడ్యూలులో కంటెంట్, మీడియా సేవలు కూడా ఉన్నాయి. కానీ నిధికి వాటా కట్టాల్సింది యాప్‌ల కంపెనీలు. ఒక సంస్థకో పత్రికకో నేరుగా రాసిచ్చే మనిషి విషయంలో ఆ సంస్థకి అట్లాంటి బాధ్యత పెట్టలేదు.

ఉన్న హక్కునైనా తెలుసుకుందాం. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, ఉద్యోగి కాని రచయిత్రి రాసినదానికి మామూలుగా మొదటి హక్కుదారు ఆమే. హక్కు ఇంకొకరికి పోవాలంటే రాతపూర్వకంగా సంతకం పెట్టాలి. ఎంతకాలమో అందులో రాయకపోతే 5 ఏళ్ళే. "మాకిచ్చేశారు కదా" అన్న నోటిమాట చెల్లదు.

ఇక మన సంఘాలు, మన పత్రికలు. చందాల మీద నడిచేవి డబ్బు ఇవ్వలేవన్నది నిజమే. అట్లాంటప్పుడు ఇవ్వలేమని అడిగినప్పుడే చెప్పాలి. ప్రాజెక్టు నిధులున్న సంస్థలు మాత్రం పేజీకి ఎంతో, ఏ తేదీకి ఇస్తారో, అనువాదకురాలి పేరు ఎక్కడ వేస్తారో పని అప్పజెప్పేటప్పుడే కాగితం మీద పెట్టాలి. రాసేవాళ్ళం కూడా ఎవరు ఎంత ఇచ్చారు, ఎన్నాళ్ళకి ఇచ్చారు అన్నది మొహమాటం లేకుండా ఒకరికొకరం చెప్పుకోవడం మొదలుపెట్టాలి. బీడీ కార్ఖానాల దగ్గర ఈ సంగతి ఏ స్త్రీనడిగినా చెబుతుంది.