సంఘగీతమును పాండిత్యమును

సామాన్యజనులు పాడుకొను పాటను పండితుడు ముట్టినచో చెడునని కొందఱు వాదించుచున్నారు. జనులకు తేలికయైనది చాలునట. విద్య విద్వాంసుల సభలకే తగునట. ఇది పైకి దయవలె కనబడును గాని, మేము దీనిని దయ యనజాలము. ఇది జనుల చెవిని చిన్నచూపు చూచుట. జర్మనుదేశపు దేవాలయములలో పెరిగిన కొరాల్ ప్రెల్యూడు అను ఆర్గాను రచనయే ఈ వాదమునకు తగిన సమాధానమని మా యభిప్రాయము.

పదునాఱవ శతాబ్దమున మార్టిన్ లూథరు ఆరాధనలోని గానమును గాయకబృందమునకే విడువక, సంఘమంతయు తన భాషలో పాడవలెనని కోరెను. 1524వ సంవత్సరమున అట్టి గీతముల తొలిపుస్తకములు అచ్చుపడెను. ఆ గీతములే కొరాళ్లు. సంఘము పాడుటకు ముందు ఆర్గాను వాయించువాడు పాట వరుసను వినిపించుచు, దానిచుట్టు తన విద్యను అల్లును. అదియే ప్రెల్యూడు.

1706వ సంవత్సరము ఫిబ్రవరిలో ఆర్న్‌స్టాట్ పట్టణపు మతాధికారులు ఇరువదియేండ్ల యోహాన్ సెబాస్టియన్ బాఖును పిలిచి మందలించిరి. నాలుగు వారముల సెలవు గైకొని ల్యూబెక్ నగరమునకు పోయి, అంతకు నాలుగింతలు కాలము నిలిచియుండుట ఒక నేరము. కొరాళ్లలో వింతమార్పులు చేసి, అన్యస్వరములు కలిపి, సంఘమును తికమకపెట్టుట రెండవ నేరము. వాదనము మిక్కిలి దీర్ఘమని చెప్పగా, అతడు దానిని మిక్కిలి కుఱుచచేసెనని కూడ ఆ విచారణలోనే ఫిర్యాదు వచ్చెను!

అధికారుల భయము వట్టిది కాదు. పాట తెలియక సంఘము నోరు మూసికొన్నచో ఆ విద్య యెవరికొఱకు? ఈ మాటను మేము త్రోసివేయము. కాని రోగమొకటి, మందొకటి కారాదు. వరుస మఱుగుపడినచో వరుసను వెలుగులోనికి తేవలెను, విద్యను వెలివేయరాదు.

బాఖే ఆ పని చేసి చూపెను. చాలభాగము వైమారులో కొలువున్న కాలమున వ్రాసిన ‘ఓర్గెల్‌బ్యూఖ్‌లైన్’ అను గ్రంథమున 164 గీతములకు చోటేర్పఱచి, 46 రచనలు మాత్రము పూర్తిచేసెను. వీనిలో పెక్కింట పాట మొదటినుండి తుదివఱకు పైస్వరమున తెగక నడచును. క్రిందిస్వరములు దాని భావమును పలుకును. ఆదాము పతనమును గూర్చిన గీతమున, పాదములతో వాయించు మంద్రస్వరములు పెద్దపెద్ద అంగలతో క్రిందికి పడుచుండును. అది పతనమని గ్రహించుటకు శాస్త్రము చదువవలెనా? ప్రభువునకు మొఱపెట్టుకొను మఱియొక గీతమున మూడే పంక్తులు: పైన పాట, నడుమ ఎడతెగని స్వరధార, క్రింద సమముగా పడు మంద్రపుటడుగులు. ఇంతకన్న తేట యేమున్నది? ఇంతకన్న విద్య యేమున్నది?

ఆ గ్రంథపు ముఖపత్రమున బాఖు దానిని దేవుని మహిమకును పొరుగువాని శిక్షణకును ఉద్దేశించెను. క్రొత్తగా నేర్చుకొను వాద్యకునికి ఉపయోగపడవలెననియు తెలిపెను. పండితుల మెప్పుకొఱకని చెప్పలేదు.

కావున, జనుల పేర విద్యను తగ్గింపుమనువారిని మేమొకటి యడుగుదుము. జనులకు అరుగదని మీరు వడ్డించి చూచి చెప్పుచున్నారా, వడ్డింపకయే చెప్పుచున్నారా? విద్వాంసులకును ఒక మాట. ప్రెల్యూడు ముగిసినపిదప పాడవలసినది సంఘము. ఆ వాదనము విని జనులు గొంతెత్తి పాట నందుకొన్నచో మీ విద్య సార్థకము. వారి నోరు మూతపడినచో, అది యెంత గొప్పదైనను వ్యర్థమే.