లెబనాను అమీరులు – మన సంస్థానాధీశులు

గద్వాల, వనపర్తి, కొల్లాపురము అను పేరులు వినినంతనే మన పెద్దలు రాజులకాలపు వైభవమును గూర్చి యుత్సాహముతో చెప్పుచుందురు. "విద్వద్గద్వాల" యని చెప్పుకొనుటలో మనకును గర్వము కలదు. కాని సోదర విద్యార్థులారా, ఆ ప్రభువులు స్వతంత్రులు కారు. వట్టి వసూలుదారులును కారు. ఈ నడిమి పదవి యెట్టిదో తెలియుటకు దూరదేశపు కథ నొకదానిని మన కథ ప్రక్కన నుంచి చదువుట మేలని నా యభిప్రాయము.

మధ్యధరాసముద్రపు తూర్పుతీరమున లెబనాను కొండసీమ కలదు. 1516 మొదలు నాలుగువందల యేండ్లు అది తురుష్క సుల్తానుల సామ్రాజ్యములోనిదే. అయినను కొండలలో నధికారము నడపినది స్థానికులగు అమీరులు: మొదట మఆన్ వంశమువారు, 1697 మొదలు 1842 వరకు షిహాబు వంశమను అరబ్బు ప్రభుకుటుంబమువారు. పన్ను వసూలుచేసి పాషాకు చెల్లించుట వారి విధి, చెల్లించినంతకాలమే పదవి. వీరిలో రెండవ బషీరు పేరుగాంచినవాడు. బైతుద్దీనులో సుందరమైన సౌధము కట్టించెను. అతని కొలువున నికోలా అల్ తుర్క్, నాసిఫ్ అల్ యాజిజీ వంటి కవులుండిరి. మన గద్వాలయే కన్నులకు కట్టుచున్నది గదా!

అయితే 1820లో పాషా అదనపు సొమ్ము కోరగా అమీరు ఆ భారమును రైతులపై మోపెను. రైతులు అంతెల్యాసున గుమిగూడి, కట్టమని తెగించి చెప్పిరి. 1840లో అదే చోట మరల కూడిరి. ఆ యేడే బషీరు పదవి కోల్పోయి మాల్టాదీవికి ప్రవాసమేగెను. నేడు ఆ దేశపు విద్యార్థి సౌధమును గూర్చియు చదువును, అంతెల్యాసును గూర్చియు చదువును.

మన సంగతి యేమి? కృష్ణా తుంగభద్రల నడుమ పెదసోమభూపాలుడు కోట కట్టెను. ఇరువదవ శతాబ్దారంభమున గద్వాల సంస్థానమునకు 214 గ్రామములు, రమారమి 3 లక్షల రూపాయల యాదాయము. అందులో 86 వేలకు పైగా నిజాముగారికి పేష్కషు. కొండసీమ యను సామ్యము చూచినచో నల్లమల యంచున నున్న జటప్రోలు సంస్థానమే లెబనానుకు దగ్గర. అచ్చటి సురభి మాధవరాయలు స్వయముగా కవి, చంద్రికాపరిణయకర్త. 1924లో సీతారామభూపాలుడు గతింపగా, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మగారు 1949లో సంస్థానములు రద్దగువరకు గద్వాలను పాలించిరి.

ఈ వంశముల నన్నిటిని పీడకులని త్రోసివేయువారితో నేనేకీభవింపను. పండితులను పోషించిరి, తెలుగును నిలిపిరి. కాని కార్తీక మాఘమాసముల విద్వత్సభలలో పంచిన సంభావనలు ఏ చేని పంటనుండి వచ్చినవో మన పొగడ్తలలో కానరాదు. కవిసన్మానములు గ్రంథస్థమైనవి, కరవు సంవత్సరమున రైతు మొర ఎవరు వ్రాసిరి? పటేలు పట్వారీల యిండ్ల అటకలమీద శిస్తు దస్త్రములేమైన మిగిలియున్నచో, అవి చెదలు తినకముందే మన పాఠశాలల విద్యార్థులు వాటిని చూచి ప్రతులు వ్రాసికొనవలెను. ఉర్దూలో నున్నవానిని చదువగల వృద్ధులు ఊరూర తగ్గిపోవుచున్నారు.

బైతుద్దీను సౌధము నేడు ప్రదర్శనశాల. వనపర్తి రాజసౌధమున 1959 మొదలు పాలిటెక్నిక్ నడచుచున్నది. గద్వాల కోటలో మహారాణిగారి పేరుననే కళాశాల కలదు. దానిలో చదువుకొనినవారిలో, ఆ పేష్కషు మోసిన రైతుల మునిమనుమలు తప్పక యుందురు.