నోటీసు బోర్డుకెక్కిన స్వాతంత్ర్యం

అబ్బాయి పేరు, అమ్మాయి పేరు. వయసు. చేసే పని. ఇంతకుముందు పెళ్లయిందా లేదా. ప్రస్తుతం ఉంటున్న ఇంటి చిరునామా, సొంతూరి చిరునామా, ఆ ఇంట్లో ఎన్నాళ్లుగా ఉంటున్నారు. ఇన్ని వివరాలున్న కాగితాన్ని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అందరికీ కనబడే చోట అంటిస్తారు. వచ్చేపోయే వాళ్లెవరైనా చదువుకోవచ్చు. అవే వివరాలున్న రిజిస్టర్ కూడా పైసా ఫీజు లేకుండా చూపించాలి. సొంతూరు వేరే జిల్లాలో ఉంటే ఒక ప్రతి అక్కడికీ పంపాలి, అక్కడి గోడకీ అంటించాలి. ఆ తర్వాత ముప్పై రోజులు ఆగాలి. ఈలోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. చెబితే దాని మీద విచారణకి మరో ముప్పై రోజులదాకా పట్టవచ్చు.

ఇదంతా ఏదో గ్రామపెద్దల తీర్పు కాదు. 1954లో స్వతంత్ర భారత పార్లమెంటు చేసిన ప్రత్యేక వివాహ చట్టం. కులం, మతం అడ్డు రాకుండా ఇద్దరు మనుషులు పెళ్లి చేసుకోవడానికి ఈ దేశం తెరిచిన తలుపు ఇది. ఆ తలుపు దగ్గరే, కన్నవాళ్ల కంటబడకుండా పారిపోయి వచ్చిన పిల్లల చిరునామాని ప్రభుత్వం తన చేత్తో రాసి, ముద్రేసి, వాళ్లను వెతికే వాళ్ల చేతికి అందిస్తోంది.

ఈ నోటీసు మన పార్లమెంటు కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. 1872లో తెల్లదొరలు చేసిన చట్టంలోనే ఉంది. అప్పుడు గడువు పద్నాలుగు రోజులు. పరాయి పాలకుడు పద్నాలుగు రోజులు ఆగమన్నాడు. మనల్ని మనం పాలించుకోవడం మొదలుపెట్టాక దాన్ని ముప్పై చేశాం! డెబ్బై ఏళ్లు దాటింది. ఎన్ని ప్రభుత్వాలు వచ్చిపోయాయో లెక్క తీయండి. ఒక్కరికీ ఆ నోటీసు సెక్షన్లు కొట్టేయడానికి చెయ్యి రాలేదు.

మోసాలు జరక్కుండా ఉండడానికే నోటీసు అంటారు. ఏ మోసం? చట్టం ఒప్పుకునే అభ్యంతరాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ముందే భార్యో భర్తో ఉండడం, వయసు చాలకపోవడం, సమ్మతి తెలిపే మానసిక స్థితి లేకపోవడం, దగ్గరి రక్తసంబంధం. వీటిని తేల్చడానికి సర్టిఫికెట్లున్నాయి, ప్రమాణపత్రాలున్నాయి, ముగ్గురు సాక్షులున్నారు. అబద్ధమాడితే జైలుంది. అదే ఇద్దరు హిందువులు ఊరి గుళ్లో తాళి కట్టించుకుని తర్వాత రిజిస్ట్రేషన్‌కి వెళితే ముందుగా ఏ గోడకీ కాగితం అంటించరు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో అలాంటి నోటీసే లేదు. అక్కడ జరగని మోసం ఇక్కడే ఎలా జరుగుతుంది? రెండు మతాల వాళ్లలో ఒకరు మతం మారి పెళ్లాడితే ఈ చట్టంతో పనే ఉండదు. ఇద్దరూ ఎవరి మతంలో వాళ్లుంటూ, ఎవరి నమ్మకాన్ని వాళ్లు గౌరవించుకుంటూ బతకాలనుకుంటేనే ఈ శిక్ష.

ఆ ముప్పై రోజుల్లో ఏం జరుగుతుందో తెలుగువాళ్లకి చెప్పనక్కర్లేదు. పెళ్లయిపోయిన తర్వాత కూడా వదలని వాళ్లు, పెళ్లికి ముందు నెల రోజులు దొరికితే వదులుతారా? 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కడుపుతో ఉన్న భార్యతో ఆసుపత్రి నుంచి బయటికొస్తున్న దళిత యువకుణ్ణి ఆమె కళ్లముందే నరికేశారు. సుపారీ ఇచ్చింది ఆ అమ్మాయి తండ్రి. ఆ కేసులో 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. 2022 మేలో హైదరాబాద్ సరూర్‌నగర్‌లో నడిరోడ్డు మీద మరో హత్య. ఈసారి దాడి చేసింది అమ్మాయి అన్న. ఆమె ముస్లిం, హతుడైన భర్త హిందువు. రెండుచోట్లా ఆ ఆడపిల్ల చేసిన నేరం ఒకటే, తన మొగుణ్ణి తను ఎంచుకోవడం.

రాజ్యాంగం అమల్లోకి రావడానికి రెండు నెలల ముందు, 1949 నవంబరు 25న, అంబేడ్కర్ రాజ్యాంగ సభలో హెచ్చరించాడు. రాజకీయాల్లో సమానత్వం వస్తోంది, సామాజిక జీవితంలో అసమానత అలాగే ఉండబోతోంది, ఈ వైరుధ్యాన్ని త్వరగా తొలగించుకోకపోతే కట్టుకున్న ప్రజాస్వామ్యమే కూలుతుందని. అంతకు పదమూడేళ్ల ముందే కులనిర్మూలనకి కులాంతర వివాహమే అసలు మందు అని రాశాడు. ఈ దేశంలో నూటికి ఐదు పెళ్లిళ్లే కులం దాటుతున్నాయని 2011–12 నాటి జాతీయస్థాయి సర్వే చెప్పింది. ఏ ఏప్రిల్ 14 చూసినా అదే అంబేడ్కర్ విగ్రహాలకి దండలేసే నాయకులు కార్తీకమాసం రాగానే తమ కులం వాళ్ల వనభోజనాలకి ముఖ్య అతిథులుగా వెళతారు. మైకు పట్టుకుని మనమంతా ఒకటవ్వాలంటారు. ఉసిరి చెట్టు కింద సంబంధాలు కుదుర్చుకుంటారు, ఓట్లూ అక్కడే కుదుర్చుకుంటారు. అమెరికా వెళ్లినా ఇదే వరస.

పిల్లలకేం తెలుసు, తప్పు చేస్తారు అనే తల్లిదండ్రులకి ఒక మాట. మీరు జాతకాలు చూసి, కట్నం లెక్కబెట్టి కుదిర్చిన పెళ్లిళ్లు చెడిపోవడం లేదా? ఆ అమ్మాయిలు ఉరేసుకోవడం లేదా? పద్దెనిమిదేళ్లకి ఎమ్మెల్యేని ఎన్నుకోగలదని నమ్మిన మనిషి తన భర్తను ఎంచుకోలేదని ఎలా అంటారు? తప్పు చేసే హక్కు కూడా ఆమెదే. దాన్ని మీరు లాక్కుంటే ఆమె మీ ఇంట్లో బందీ. ఇంట్లో కాదనే హక్కు లేకుండా పెరిగిన మనిషి రేపు ఆఫీసులో, ఊళ్లో, పోలింగ్ బూత్‌లో ఎవరికి ఎదురు చెబుతుంది? రచ్చబండ దగ్గర పెళ్లిని నిర్ణయించే పెద్దమనుషులే ఓటునీ నిర్ణయిస్తున్నారు. ఒకే చేతిలో రెండూ ఉన్నంతకాలం సమాజం స్వతంత్రమైందని నేనొప్పుకోను.

చేయగలిగిన వాళ్లు మన నేల మీదే ఉన్నారు. నాస్తికుడు గోరా తన కూతురు మనోరమని దళిత యువకుడు అర్జునరావుకిచ్చి పెళ్లి చేశాడు. దగ్గరుండి జరిపిస్తానన్న గాంధీ 1948 జనవరి 30న హత్యకి గురయ్యాడు. అయినా పెళ్లి ఆగలేదు, ఆ ఏడాదే సేవాగ్రామ్‌లో జరిగింది. ఒక తండ్రి నిలబడితే చాలు. చట్టం ఎలా ఉన్నా పిల్లలు బతుకుతారు.

అయితే పిల్లల ప్రాణం తండ్రి మంచితనం మీద ఆధారపడకూడదు. అందుకే చట్టం. 2018 మార్చి 27న శక్తివాహిని కేసులో, ఇద్దరు వయోజనులు పెళ్లాడడానికి కుటుంబం అనుమతీ, కులం అనుమతీ అక్కర్లేదని సుప్రీంకోర్టు తేల్చేసింది. బెదిరింపులున్న జంటల కోసం ప్రతి జిల్లాలో ప్రత్యేక సెల్, ఇరవై నాలుగు గంటల హెల్ప్‌లైన్ పెట్టాలని, వాళ్లు తలదాచుకునే ఇళ్ల గురించి ఆలోచించాలని ఆదేశించింది. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు, జంట కోరితేనే నోటీసు ప్రచురించాలని, లేకపోతే అక్కర్లేదని తీర్పిచ్చింది. ఒక హైకోర్టుకి అర్థమైంది పార్లమెంటుకి ఎందుకు అర్థం కాదు? మన రెండు రాష్ట్రాల నుంచి లోక్‌సభకి నలభై ఇద్దరు ఎంపీలున్నారు. ఆ నోటీసు సెక్షన్లు రద్దు చేయమని ఒక ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టండి. మీ కులసంఘం మీ మీద కోపగించుకుంటుంది, కోపగించుకోనివ్వండి. మీరు రాజ్యాంగం మీద ప్రమాణం చేశారు, కులసంఘం మీద కాదు.

బిల్లు వచ్చేదాకా ఆగలేని వాళ్లు ఈ నెలలోనే ఒక పని చేయవచ్చు. మీ జిల్లా ఎస్పీ ఆఫీసుకి వెళ్లండి. సుప్రీంకోర్టు పెట్టమన్న సెల్ ఎక్కడుందో, హెల్ప్‌లైన్ నంబరేంటో, అర్ధరాత్రి ఒక జంట వస్తే వాళ్లను ఏ ఇంట్లో ఉంచుతారో అడగండి. జవాబు కాగితం మీద రాసిమ్మనండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఆ నంబరు మీ ఊరి కాలేజీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.