అలవాటును శాసించేది డ్యూటీ చార్టే

ఇంటికప్పు మీద సౌర ఫలకాలు అమర్చుకున్న కుటుంబాలకు నేడొక కొత్త నీతిబోధ ఆరంభమైంది. బట్టలుతికే యంత్రం మధ్యాహ్నం తిప్పండి, నీళ్ల మోటారు పట్టపగలే వేయండి, ఇస్త్రీని సాయంత్రానికి మిగల్చకండి అంటున్నారు. ఈ మాటలో సత్యం లేకపోలేదు. ఒక కిలోవాట్ అమరిక రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. అందులో అధికభాగం ఉదయం 9 నుండి మధ్యాహ్నం 3 లోపుననే లభిస్తుంది. మన ఇళ్లలో దీపాలు, ఫ్యాన్లు, కూలర్లు ఒక్కుమ్మడిగా పనిచేసేది పొద్దు గూకిన తర్వాతనే.

అయితే ఈ ఎడబాటుకు బాధ్యులెవరు? ఇక్కడే మేము బోధకులతో విభేదిస్తున్నాము. కార్మికుని ఇంటి అలవాట్లను నిర్ణయించేది అతని పనిగంటలు. రాత్రంతా బండి నడిపి వచ్చిన లోకో పైలట్ మధ్యాహ్నం నిద్రపోక తప్పదు. ట్రాక్‌మన్ మండుటెండలో పట్టాల మీద, పోస్ట్‌మన్ వీధులలో ఉంటారు. వీరి ఇంట పగటి విద్యుత్తును వాడేదెవరు? ఈ ఉపదేశం చివరకు గృహిణి నెత్తిన మరో చాకిరీగా దిగుతుంది. ఆమె కూడా ఉద్యోగిని అయితే ఆ దారీ లేదు.

ఉపదేశంతో ఆగితే సహించి ఉందుము. 2023 జూన్‌లో కేంద్రం సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు, సౌర గంటలలో చార్జీ కనీసం 20 శాతం తక్కువగాను, గృహ వినియోగదారులకు రద్దీ గంటలలో కనీసం 10 శాతం అధికంగాను ఉండాలని నిర్దేశించాయి. స్మార్ట్ మీటరు బిగించిన ఇంటికి ఈ లెక్క వర్తించాలన్నాయి. పగలు ఇంట ఉండగలవారికి బహుమానం, పగలంతా ప్రజాసేవలో ఉన్నవారికి జరిమానా! ఇదేమి న్యాయం?

2024 ఫిబ్రవరిలో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం 3 కిలోవాట్ల అమరికకు 78,000 రూపాయల సబ్సిడీ ప్రకటించింది. కాని అందుకు సొంత ఇల్లు, అనువైన కప్పు ఉండాలి. క్వార్టర్లలో, అద్దె ఇళ్లలో జీవితం గడిపే మన సోదరుల మాటేమిటి? 2030 నాటికి నికర కర్బన ఉద్గారాలను శూన్యం చేస్తామని ప్రకటించిన రైల్వే యాజమాన్యం తన కార్మికుల కాలనీల కప్పుల వైపు కూడా కన్నెత్తి చూడాలి.

మన వంతు కర్తవ్యాన్ని మనం విస్మరించరాదు. ఎండ ఉండగానే పైతొట్టి నింపుకోవచ్చు. వారాంతపు సెలవునాడు ఉతుకు, ఇస్త్రీ పగలే ముగించవచ్చు. సూర్యుడిచ్చినది ఉచితమే కదా అని రాత్రంతా ఏసీ నడిపితే, కప్పు మీద ఆదా చేసినది గదిలో హరించిపోతుంది.

కాని సాధ్యమైనది చేయడం వేరు, అసాధ్యమైనదానికి దండన అనుభవించడం వేరు. షిఫ్టు కార్మికుల గృహాలను రద్దీ గంటల అదనపు చార్జీ నుండి మినహాయించాలి. యూనిట్‌కు యూనిట్ లెక్కగట్టే నెట్ మీటరింగును కాపాడాలి. క్వార్టర్ల కప్పులపై ఉమ్మడి అమరికలు నెలకొల్పి, ఆ విద్యుత్తును నివాసుల బిల్లులలో జమ కట్టాలి. ఢిల్లీ 2019లోనే ఇట్టి ఉమ్మడి జమకు మార్గదర్శకాలు వెలువరించింది గనుక ఇది అసాధ్యమన్న సాకు చెల్లదు.

ప్రతి శాఖ ఈ కోర్కెలపై తీర్మానం చేసి యాజమాన్యానికి, రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలికి పంపవలెనని కోరుతున్నాము. చార్జీలపై బహిరంగ విచారణ జరిగేనాడు మన ప్రతినిధి లేని సభ ఉండరాదు.