ఆటగాడు ఉపాధ్యాయుడైతే

మన కళాశాలల క్రీడోత్సవాలలో ఒక మాట తరచుగా వింటుంటాము. ఒక పూర్వ క్రీడాకారుని సభకు పరిచయం చేస్తూ వక్త, "వీరు ఒకప్పుడు గొప్ప ఆటగాడు, ఇప్పుడు పిల్లలకు ఆట నేర్పుకొంటున్నారు" అంటారు. తెలుగు బోధించేవారము గనుక ఆ 'కొను' మా చెవిలో ముల్లువలె గుచ్చుకొంటుంది. వైద్యుడు వైద్యం చేస్తున్నాడంటాము, న్యాయవాది వాదిస్తున్నాడంటాము. ఆట నేర్పేవాడు మాత్రం నేర్పు'కొంటున్నాడు'. ఆ చిన్న ధాతువులో జాలి ఉన్నది, ఇక ఇతని కథ ముగిసినదన్న తీర్పు ఉన్నది. ఆ తీర్పు అన్యాయమని మా అభిప్రాయం.

ఈ విషయంలో గోల్ఫ్ ఆట చరిత్ర కొంత కనువిప్పు కలిగిస్తుంది. గోదావరి డెల్టాలో ఆ ఆటను కన్నులారా చూచినవారు తక్కువ. దాని మైదానానికి నూరెకరాలకు పైబడిన నేల కావలె. అంత నేల దొరికితే మనవారు వరి నాటుతారు గాని బంతి కొట్టరు. హైదరాబాదులో గోలకొండ కోట పక్కన, విశాఖలో సముద్రతీరాన అటువంటి మైదానాలున్నవి. ఆ ఆటలో 'ప్రొఫెషనల్' అన్న మాటకు మొదటినుండి రెండు అర్థాలు: బహుమతి సొమ్ముకై పోటీలలో ఆడేవాడు, క్లబ్బులో జీతానికి కుదిరి సభ్యులకు ఆట నేర్పేవాడు. తరచుగా ఇద్దరూ ఒక్కరే. ఆ మనిషిని చాలాకాలం క్లబ్బు భవనంలో అడుగు పెట్టనిచ్చేవారు కారు. 1920లో అమెరికా ఓపెన్ పోటీల సందర్భంగా ఇన్వర్నెస్ క్లబ్బు అటువంటివారికి తలుపులు తెరవడమే ఒక విశేషమైనది. బ్రిటనులో ఆ వృత్తివారు 1901లోనే సంఘంగా ఏర్పడినారు. ఆట నేర్పడమెట్లో నేర్పి పట్టాలిచ్చే పని నేడు ఆ సంఘానిదే. 1954లో అమెరికాలో అందరికంటె ఎక్కువ బహుమతి ధనం గెలిచిన బాబ్ టాస్కీ అటుపిమ్మట శిక్షకుడై, గెలుపులకంటె బోధన వలననే ఎక్కువ పేరు పొందినాడు. ఆయనను చూచి ఎవరూ జాలిపడలేదు.

గోల్ఫ్ మనకు దూరమే. మన ఊళ్లలో 'షటిల్' అని పిలిచే బాడ్మింటన్ దూరం కాదు. ఆ ఆటలో తెలుగు దేశం సాధించిన కీర్తి వెనుక ఉన్నది గురుపరంపర. హైదరాబాదుకు చెందిన సయ్యద్ మొహమ్మద్ ఆరిఫ్ గారి పేరు ఆటగాడిగా దేశమంతటా మ్రోగలేదు. కాని పుల్లెల గోపీచంద్, గుత్తా జ్వాల, సైనా నెహ్వాల్ ఆయన చేతిక్రింద ఆట నేర్చినవారే. 2000లో ద్రోణాచార్య పురస్కారం, 2012లో పద్మశ్రీ ఆయనను వరించినవి. సికింద్రాబాదు రైల్వే ప్రాంగణంలో పి.వి. సింధుకు తొలి పాఠాలు చెప్పినవారు మెహబూబ్ అలీ గారు. ఉర్దూ పలికే ఇండ్లలో సంగీతం నేర్పేవాడూ ఉస్తాదే, కుస్తీ నేర్పేవాడూ ఉస్తాదే, కుట్టుపని నేర్పేవాడూ ఉస్తాదే. ఆ మాటలో 'కొను'కు చోటు లేదు.

గోపీచంద్ గారి జీవితాన్ని కొంత నిదానంగా పరిశీలించవలె. ప్రకాశం జిల్లా నాగండ్లలో 1973లో జన్మించినారు. 1994లో పూనా జాతీయ క్రీడలలో మోకాలు తీవ్రంగా దెబ్బతిన్నది, శస్త్రచికిత్సలు అవసరమైనవి. అదే మోకాలితో 2001లో ఆల్ ఇంగ్లండ్ పోటీలలో పీటర్ గేడ్‌ను, ఆపై తుదిపోటీలో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను ఓడించి విజేత అయినారు. 1980లో ప్రకాశ్ పదుకొనె తరువాత ఆ ఘనత మరొక భారతీయునికి దక్కలేదు. ఆ కీర్తిని అమ్ముకొని సుఖంగా కాలం గడపవచ్చును. శీతల పానీయాల ప్రకటన వచ్చినా వద్దన్నారు. ప్రభుత్వం గచ్చిబౌలిలో నేల ఇచ్చినది. కట్టడానికి డబ్బు చాలక సొంత ఇల్లు తాకట్టు పెట్టినారు. 2008లో అకాడమీ నిలిచినది. 2012 లండన్ ఒలింపిక్సులో సైనాకు కాంస్యం, 2016 రియోలో సింధుకు రజతం ఆయన శిక్షణలో వచ్చినవే. రియో పోటీలు ముగిసేవరకు సింధు చేతిలో ఫోను లేదు, నోటికి ఐస్‌క్రీము లేదు.

పతకాలకంటె మమ్ము ఆకర్షించినది మరొకటి. 2014లో సైనా ఆయనను విడిచి బెంగుళూరులో మరొక శిక్షకుని వద్దకు వెళ్లినారు. 2017లో తిరిగి వచ్చినారు. ఆయన చేర్చుకొన్నారు. తరగతి గదిలో బోధించే మాబోటివారికి ఆ పని ఎంత కష్టమో తెలుసు.

ఇక మన కోనసీమ. అమలాపురం బాలుడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ తండ్రి వ్యాయామోపాధ్యాయుడు. తొలి గురువు ఇంటిలోనే ఉన్నాడన్నమాట. 2014లో సాత్విక్ గోపీచంద్ అకాడమీలో చేరినాడు. మలేషియా శిక్షకుడు టాన్ కిమ్ హర్ అతనిని ముంబయి యువకుడు చిరాగ్ శెట్టితో జతకట్టినాడు. తరువాత నేర్పిన మథియాస్ బో 2012 ఒలింపిక్సులో డెన్మార్కుకు డబుల్స్ రజతం తెచ్చిన ఆటగాడు. ఈ జంట 2023లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచి, అదే సంవత్సరం ప్రపంచ ప్రథమస్థానాన్ని అందుకొన్నది. అమలాపురం సాత్విక్‌కు జేజేలు పలికినది, మంచిదే. అతని తండ్రివంటి వ్యాయామోపాధ్యాయులు మన జిల్లాలలో ఎందరున్నారో, ఏ స్థితిలో ఉన్నారో అడిగినవారు కనిపించలేదు.

2025లో గోపీచంద్ గారే, కలిగిన కుటుంబం కాకపోతే పిల్లలను క్రీడలలోనికి పంపవద్దన్న అర్థం వచ్చే మాట అన్నారు. మాకు అది మొదట రుచించలేదు. మా విద్యార్థులలో దర్జీ పని, చిన్న అంగడి, ఆటో నడపడం ఆధారమైన ఇండ్లనుండి వచ్చేవారు ఎందరో. వారికి మైదానం మూసివేయుమని చెప్పడమా? ఆలోచించిన కొలదీ అందులోని బాధ అర్థమైనది. నూరుమంది ఆడితే ఒకడు సాత్విక్ అవుతాడు. తక్కిన తొంబదితొమ్మిదిమంది పాతికేండ్లకు చదువూ లేక, ఉద్యోగమూ లేక నిలబడతారు. వారికి తెలిసిన విద్య ఆట ఒక్కటే. దానిని గౌరవంగా నేర్పి బ్రతికే దారి ఉంటే పేదతల్లి తన బిడ్డను మైదానానికి పంపడానికి భయపడదు.

బాగా ఆడినంతమాత్రాన నేర్పడం రాదని కొందరంటారు. ఒప్పుకొంటాము. మేము ఎం.ఏ. పట్టా పుచ్చుకొని మొదటిసారి తరగతిలో నిలబడిననాడు సంధి మాకు తెలుసును గాని, తెలియనివానికి దానిని ఎట్లు చెప్పవలెనో తెలియదు. నేర్పడం కూడ నేర్చుకొనవలసినదే. పాటియాలాలో 1961లో వెలసిన జాతీయ క్రీడాసంస్థ శిక్షకులకు డిప్లొమా ఇస్తున్నది. మా క్రీడాకారులను అడిగితే ఆ పేరు విన్నవారు ఒకరిద్దరు. ఇంజనీరింగు ప్రవేశపరీక్ష తేదీలు మాత్రం అందరికీ కంఠస్థం. ఆ దరఖాస్తు వివరాలను సూచనల ఫలకంపై అంటించడానికి ఏ నిధులూ అక్కరలేదు. ఆటల పీరియడును గణితానికి అప్పగించకుండ ఉండడానికీ అక్కరలేదు.

ఈ సంచికకై అధ్యాపకబృందం ఛాయాచిత్రం తీయించుకొన్నాము. మేము ముందువరుసలో కుర్చీలో కూర్చున్నాము. మా వ్యాయామోపాధ్యాయులు, మాకంటె వయసులో పెద్దవారు, వెనుకవరుస చివర నిలబడినారు. ఆ సంగతి చిత్రం అచ్చుకు వెళ్లిన తరువాతగాని మాకు తట్టలేదు.