పేరులోని చుక్క

ఉర్దూ లిపిలో చుక్క అక్షరానికి పైన ఉంటే ‘ఖుదా’. అదే చుక్క కిందికి దిగితే ‘జుదా’. దైవానికీ ఎడబాటుకూ నడుమ ఉన్న భేదం ఒక్క చుక్క. అట్టి చుక్కను బాల్యం నుండి శ్రద్ధతో దిద్దుకున్న మన విద్యార్థులకు, కంప్యూటరు దరఖాస్తు ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఆ చుక్కే ప్రతిబంధకమవుతున్నది.

నిజామాబాద్, బోధన్ ప్రాంతాలలో ‘మహమ్మద్’ అనే పేరును రోమన్ లిపిలో రెండక్షరాలకు కుదించి, చివర చుక్క పెట్టి వ్రాయడం చిరకాలపు వాడుక. ఒకే విద్యార్థి పదవ తరగతి మెమోలో ఆ చుక్క ఉంటుంది. ఆధార్ కార్డులో ఉండదు. బ్యాంకు పుస్తకంలో పేరు పూర్తిగా ఉంటుంది. మనిషి కంటికి ముగ్గురూ ఒక్కరే, యంత్రానికి మాత్రం ముగ్గురు. ఉపకార వేతనపు దరఖాస్తు ‘పేరు సరిపోలలేదు’ అని తిరిగివచ్చినప్పుడు, సొంత పేరు వ్రాసుకోవడం కూడా రాలేదా అని విద్యార్థినే మందలించేవారు ఉన్నారు. ఈ మందలింపు అన్యాయమని మేము భావిస్తున్నాము. దోషం పేరులో లేదు, ఫారంలో ఉంది.

‘ప్రత్యేక చిహ్నాలు అనుమతించబడవు’ అనే ఎర్రని హెచ్చరికను చూడని విద్యార్థి అరుదు. దానికి మూలకారణం భయం. డేటాబేసుకు ఇచ్చే ఆజ్ఞలలో ఒంటి కొటేషన్ గుర్తు పాఠం ఎక్కడ ముగిసిందో తెలుపుతుంది. అది పేరులో కనబడితే ఆజ్ఞ మధ్యలో తెగుతుంది, దుర్బుద్ధి గలవాడు ఆ తెగినచోట తన ఆజ్ఞను చొప్పించనూ వచ్చు. ఆజ్ఞను, విలువను వేరువేరుగా పంపే పద్ధతి ఏనాటి నుండో ఉన్నది. దానిని అనుసరించిన ఫారానికి ఐర్లండు వారి ‘ఓబ్రయన్’ లోని కొటేషన్ గుర్తు వల్ల గాని, మన మహమ్మద్ చుక్క వల్ల గాని ఏ ప్రమాదమూ లేదు. 2013లో అమెరికాలోని హవాయి రాష్ట్రంలో ఒక మహిళ ఇంటిపేరు 35 అక్షరాల గడిలో పట్టక డ్రైవింగ్ లైసెన్సుపై తెగిపోయింది. ఆ తరువాత ప్రభుత్వం గడినే 40 అక్షరాలకు పెంచింది.

ప్రభుత్వ ఫారాలను మార్చడం మన చేతిలో లేదు. కళాశాల సొంత రిజిస్టరు మన చేతిలో ఉన్నది. 2017లో ఉర్దూ తెలంగాణ రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాష అయింది. ఉర్దూ, తెలుగు రెండింటినీ బోధించే మనవంటి సంస్థలో విద్యార్థి పేరు ఒక్క రోమన్ లిపిలోనే ఉండడం ఏమి సబబు? రోమన్ నుండి ఉర్దూకు పేరును తిరిగి రాబట్టనూ లేము. జాకిర్‌లో ఉన్నది జాల్, జుబేర్‌లో జే, జియాలో జ్వాద్, నిజామ్‌లో జోయ్. రోమన్‌లో ఈ నాలుగింటికీ ఒక్కటే అక్షరం. తెలుగులోనూ అన్నింటికీ ‘జ’ ఒక్కటే. అన్యభాషా ధ్వనులను సూచించే నుక్తా గుర్తు తెలుగుకు యూనికోడ్‌లో 2021లో గాని రాలేదు.

మూడు లిపులలో పేర్లు ఎక్కించిననాడు చిక్కులు రాకపోవు. భద్రపరచిన పేరు స్థానంలో వరుసగా ప్రశ్నార్థకాలు కనబడితే, పట్టిక గాని ఫారంతో దాని అనుసంధానం గాని యూనికోడ్‌కు అమర్చలేదన్నమాట. ఆ అక్షరాలు నశించాయి, అమరిక సరిచేసి మళ్లీ టైపు చేయవలసిందే. ఖాళీ చతురస్రాలు కనబడితే అక్షరాలు క్షేమం, ఫాంటు మాత్రమే లేదు. వింత రోమన్ గుర్తులు కనబడితే, డి.టి.పి. కేంద్రంలో అను ఫాంట్లతోనో పాత ఇన్‌పేజ్‌తోనో కూర్చిన పాఠాన్ని తెచ్చి అతికించారేమో చూడాలి. ఆ సాధనాలు మన అచ్చుకు చేసిన మేలు గొప్పదే గాని, వాటి సంకేతాలు యూనికోడ్ సంకేతాలు కావు.

అన్నింటికన్నా మోసకరమైనవి కంటికి కనబడని తేడాలు. ‘ఖలీల్’ నడుమనున్న ‘యే’ అరబిక్ కీబోర్డుతో కొడితే ఒక సంకేతం, ఉర్దూ కీబోర్డుతో కొడితే వేరొక సంకేతం. తెరపై రెండూ ఒకే రూపం. వెదికితే మాత్రం ఖలీల్ దొరకడు. బోధన్ శక్కర్‌నగర్ పేరులోని ‘కాఫ్’ కథా ఇదే. చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడినా చిరునామాలలో ఆ పేరు నిలిచే ఉన్నది, కనుక ఈ చిక్కూ నిలిచే ఉంటుంది. తెలుగులో ‘జైనబ్’ లోని ఐత్వాన్ని ఒక సంకేతంగానూ, రెండు సంకేతాలుగానూ ఎక్కించవచ్చు. యూనికోడ్ వారి సాధారణీకరణ ఈ ఐత్వాన్ని ఏకం చేస్తుంది గాని, యే, కాఫ్‌లను ఏకం చేయదు. వాటికి మార్పిడి పట్టికను మనమే వ్రాసుకోవాలి. అహ్మద్, రషీద్ వంటి పొల్లుతో ముగిసే పేర్లకు మరొక బెడద: తరువాతి అక్షరంతో కలిసి ఒత్తు కాకుండా టైపు చేసేవారు పెట్టే అదృశ్య సంకేతం పేరు చివర అంటుకొని ఉండిపోతుంది. మన ముస్లిం విద్యార్థుల పేర్లలో అధికభాగం పొల్లుతోనే ముగుస్తాయి గదా!

గడి పొడవు సంగతి సరేసరి. కొన్ని డేటాబేసులు దానిని బైట్లలో కొలుస్తాయి. యూటీఎఫ్-8 పద్ధతిలో రోమన్ అక్షరానికి 1 బైటు, ఉర్దూ అక్షరానికి 2, తెలుగు సంకేతానికి 3. గుణింతపు గుర్తులతో, పొల్లుతో కలిపి ‘నిజామాబాద్’ సరిగా 10 సంకేతాలు, అనగా 30 బైట్లు. 30 బైట్ల గడిలో మన ఊరి పేరు పట్టిన తరువాత ఇంకొక పొల్లుకైనా చోటు లేదు.

కావున ప్రవేశ దరఖాస్తులో మూడు లిపులకు మూడు గడులు ఉంచి, ఉర్దూ, తెలుగు పేర్లను విద్యార్థి చేతనే వ్రాయించి, రోమన్ పేరును మాత్రం పదవ తరగతి మెమో ప్రకారం చుక్కతో సహా ఉన్నదున్నట్లు ఎక్కించాలి. వెదకడానికి చుక్కలు, అదృశ్య సంకేతాలు తీసివేసిన ప్రతిని యంత్రం లోపల వేరుగా ఉంచుకోవచ్చు. అసలు పేరును ముట్టుకోరాదు. పత్రాలలో పేరు తేడా పడిన వారికి ఆ రూపాలన్నీ ఒక్కరివేనని ధ్రువీకరించే పత్రం ఆఫీసు నుండి అడిగిననాడే అందాలి. వచ్చే విద్యా సంవత్సరపు దరఖాస్తులు అచ్చుకు పోకముందే ఈ మార్పులు చేయించవలసిందిగా కళాశాల కార్యవర్గాన్ని కోరుతున్నాము.